కాఫీ డబ్బాలో డాలర్ నాణేలు: దాచాలా, ఖర్చు పెట్టాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మా వారు ఆఫీసుకు రైల్లో వెళ్తారు. టికెట్ మెషీన్‌లో ఇరవై డాలర్ల నోటు పెట్టినప్పుడల్లా చిల్లరగా వచ్చిన బంగారు రంగు డాలర్ నాణేలు కొన్నేళ్లుగా ఒక కాఫీ డబ్బాలో వేస్తూ వచ్చాం. లెక్కపెడితే 160 తేలాయి. అందులో కొన్ని తెల్లగా, అచ్చం క్వార్టర్‌లా (పావు డాలర్ నాణెంలా) ఉన్నాయి. కొన్నింటి అంచు మీద అక్షరాలున్నాయి, కొన్నింటికి లేవు. ఇవి కాక, పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ మా పాపకు 9 పెద్ద డాలర్ బిళ్లలు ఇచ్చారు. తెనాలిలో మా నాన్నగారు ఏదో వీడియో చూసి "ఒక్కటి కూడా ఖర్చు పెట్టకమ్మా, ఇక్కడికి తెస్తే లక్షలు పలుకుతాయట" అంటున్నారు. మా వారేమో అన్నీ బ్యాంకులో వేసేద్దామంటారు. సంక్రాంతికి ఇండియా వస్తున్నాం. ఏం చేయమంటారు?

సమాధానం: మీ వారి మాటే చాలావరకు సరైనది. కాకపోతే బ్యాంకుకు వెళ్లే ముందు ఒక సాయంత్రం ఆ డబ్బా బోర్లించి కూర్చోండి. 160 నాణేల్లో పనికొచ్చేది ఒక్కటి కూడా లేకపోవచ్చు. కానీ చూడ్డానికి పైసా ఖర్చు లేదు. పెద్దావిడ ఇచ్చిన తొమ్మిదింటిని మాత్రం చూడకుండా ఎక్కడా మార్చకండి. ఏమైనా విలువ ఉంటే అది ఉండే అవకాశం వాటిలోనే ఎక్కువ.

మీ నాన్నగారి లెక్క ఎక్కడ తప్పుతోందో ముందు చెబుతాం. ఈ నాణేలు బజార్లో కనిపించవు కాబట్టి అరుదైనవి అనుకుంటున్నారు. కనిపించకపోవడం వేరు, తక్కువగా ఉండటం వేరు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథొనీ బొమ్మ ఉన్న తెల్ల డాలర్‌ను 1979లో ఒక్క ఏడాదిలోనే 75 కోట్లకు పైగా కొట్టారు. దాని వ్యాసం 26.5 మిల్లీమీటర్లు, క్వార్టర్‌ది 24.3. రంగు ఒకటే, అంచున గీతలూ ఒకటే. డాలర్ అనుకోకుండా క్వార్టర్‌గా ఇచ్చేసి నష్టపోయినవాళ్లు విసుక్కున్నారు. గల్లాపెట్టెలో దానికి వేరే గడి కూడా లేదు. 1981లో కలెక్టర్ల (నాణేలు సేకరించేవాళ్ల) కోసం కాసిని కొట్టి ఆపేశారు. గోదాముల్లో మిగిలిన సరుకు దాదాపు ఇరవై ఏళ్లు సరిపోయింది. టికెట్ మెషీన్లు, వెండింగ్ మెషీన్లు దాన్ని మెల్లగా ఖాళీ చేశాక, కొత్త డాలర్ వచ్చేలోపు చాలవేమోనని 1999లో మళ్లీ కొట్టారు.

2000లో బంగారు రంగు సకాగవియా డాలర్ వచ్చింది. వీపున బిడ్డను మోస్తున్న ఆదివాసీ యువతి బొమ్మ. ఫిలడెల్ఫియా, డెన్వర్ టంకశాలలు రెండూ కలిపి ఆ ఒక్క ఏడాదిలో 128 కోట్లకు పైగా కొట్టాయి. 2007లో అధ్యక్షుల బొమ్మలతో మరో వరస మొదలైంది, ఏడాదికి నలుగురు చొప్పున. కాగితపు డాలర్‌ను మాత్రం ఎవరూ తీసేయలేదు. కెనడా 1987లో డాలర్ నాణెం తెచ్చి, రెండేళ్లకే నోటు ముద్రణ ఆపేసింది కాబట్టి అక్కడ నాణెం నిలబడింది. జేబులో పలచటి నోటు పెట్టుకునే వీలుండగా 8 గ్రాముల బిళ్ల ఎవరు మోస్తారు? ఒకదశలో అమెరికా టంకశాల ఈ నాణేలను ముఖవిలువకే, పోస్టేజీ లేకుండా ఇంటికి పంపింది. కొందరు క్రెడిట్ కార్డుతో వేలకు వేలు తెప్పించి, విమాన మైళ్లు జమ చేసుకుని, పెట్టెలు విప్పకుండానే బ్యాంకులో కట్టేశారు. 2011లో కార్డుతో కొనడం ఆపేశారు. అదే ఏడాది డిసెంబరులో, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఖజానాల్లో 140 కోట్ల నాణేలు మూలుగుతున్నాయని చెప్పి, చలామణీ కోసం కొట్టడమే మానేశారు. అంటే మీ డబ్బాలో ఉన్నవాటి తోబుట్టువులు కోట్లలో ఉన్నారు. ధర పెరగడానికి ఆధారమే లేదు.

పైగా దాచడం కూడా ఉచితం కాదు. 2007లో దాచిన ఒక డాలర్ నాణెం ఇవాళ కొనగలిగేది అప్పటి దానిలో మూడింట రెండొంతుల సరుకే. అదే వంద డాలర్లను 4 శాతం వడ్డీకి 18 ఏళ్లు వదిలితే 200 దాటేవి. డబ్బాలోని 160 మాత్రం 160గానే ఉన్నాయి.

ఇక ఏరడం. ఒక మెత్తటి గుడ్డ పరచండి. 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న త్రాసు ఉంటే చాలు. ఆ త్రాసు పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. వంటింటి త్రాసుతో పెద్ద బిళ్లల తేడా పట్టుకోవచ్చు గానీ చిన్నవాటికి అది చాలదు.

ముందు తెల్లవి. వాటి మీద 1979, 1980, 1981, 1999 తప్ప వేరే ఏడు (సంవత్సరం) ఉండదు. 1981 ఉంటే పక్కన పెట్టండి, అది చలామణీకి రాలేదు, కలెక్టర్ల సెట్లలోంచి బయటపడిందే. 1979లో పి అక్షరం (ఫిలడెల్ఫియా టంకశాల గుర్తు) ఉన్నవి మాత్రం భూతద్దంతో చూడాలి. ఆ అక్షరం ఆంథొనీ భుజం పైన, నాణెం ఎడమ పక్కన ఉంటుంది. మామూలు నాణెంలో సంవత్సరానికీ గట్టుకూ (అంచు వెంట ఎత్తుగా ఉండే వలయానికీ) మధ్య ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నింటిలో గట్టు వెడల్పుగా ఉండి, 1979 అంకెలు దాదాపు దానికి ఆనుకున్నట్టుంటాయి. వీటికి కలెక్టర్లు అదనంగా ఇస్తారు: వాడి అరిగినదానికి కొన్ని డాలర్లు, కొత్తగా మెరుస్తుంటే కొన్ని పదుల డాలర్లు. రెండు నాణేలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్కదాన్ని చూసి తేల్చుకోబోతే అన్నీ వెడల్పు గట్టువిగానే కనిపిస్తాయి.

తర్వాత బంగారు రంగువి. వీటిలో బంగారం వీసమెత్తు కూడా లేదు. రాగి బిళ్లకు రెండు వైపులా మాంగనీసు కలిసిన ఇత్తడి రేకు అతికించారు, అంతే. ఇదే బొమ్మతో నిజం బంగారంలో కొట్టినవి 12 మిగిలాయి. 1999లో కొలంబియా అంతరిక్ష నౌకలో తిరిగొచ్చిన ఆ పన్నెండూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఎవరైనా అమ్ముతానంటే నమ్మకండి.

మీరడిగిన అంచు సంగతి ఇక్కడ వస్తుంది, ఇదే అందరూ తడబడే చోటు. 2000 నుంచి 2008 వరకు సకాగవియా డాలర్లన్నింటికీ అంచు నున్నగానే ఉంటుంది, అది తప్పు కాదు. ఏడు బొమ్మ వైపే కనిపిస్తుంది. 2009 నుంచి ఆ డాలర్ బొరుసు వైపు ఏటా కొత్త బొమ్మ వస్తోంది, ఏడు, టంకశాల గుర్తు అంచుకు మారాయి. అధ్యక్షుల డాలర్లకు 2007 మొదలుకొని అంచు మీదే ఏడు, టంకశాల గుర్తు ఉంటాయి. బొమ్మ పక్కన ఉన్న 1789-1797 లాంటి అంకెలు ఆ అధ్యక్షుడు పదవిలో ఉన్న కాలం. వాటిని చూసి 'రెండు వందల ఏళ్ల నాటి నాణెం' అని చెప్పే వీడియోలకు కొదవ లేదు.

అక్షరాలను నాణెం కొట్టాక వేరే యంత్రంలో అంచున లోపలికి నొక్కుతారు. నాణేలు ఆ యంత్రంలోకి ఎటు పడితే అటు వెళ్తాయి. అందుకే బొమ్మ పైకి పెడితే కొన్నింటికి అక్షరాలు నిటారుగా, కొన్నింటికి తలకిందులుగా కనిపిస్తాయి. రెండూ సగం సగం ఉంటాయి, రెండింటి విలువా ఒక డాలరే. ఇంటర్నెట్‌లో 'తలకిందుల అక్షరాలు, వెల వెయ్యి డాలర్లు' అని పెట్టినవన్నీ ఇవే.

అసలు తప్పు ఏమిటంటే, 2007లో జార్జ్ వాషింగ్టన్ నాణేలు కొన్ని బ్యాచ్‌లు ఆ యంత్రం ఎక్కకుండానే బయటికి వచ్చేశాయి. అంచు పూర్తిగా నున్నగా ఉంటుంది. ఏడూ లేదు, టంకశాల గుర్తూ లేదు కాబట్టి అది ఫిలడెల్ఫియాదో డెన్వర్‌దో నాణెం చూసి చెప్పలేం. ఇలాంటివి వేల సంఖ్యలో దొరకడంతో ధర ఆకాశానికి ఎక్కలేదు, మామూలుగా కొన్ని పదుల డాలర్లు పలుకుతుంది. జాన్ ఆడమ్స్, జెఫర్సన్ నాణేల్లోనూ నున్నటి అంచువి ఉన్నాయి. ఆడమ్స్‌లో యంత్రం రెండుసార్లు ఎక్కి, అక్షరాల మీద అక్షరాలు పడ్డవీ ఉన్నాయి. మీ డబ్బాలో అధ్యక్షుడి బొమ్మ ఉండి అంచున ఏమీ లేని నాణెం ఉంటే తూకం వేయండి. 8.1 గ్రాములకు అటూ ఇటూగా ఉండాలి. అక్షరాలు లోపలికి నొక్కినవి గనుక వాటిని చెరిపేయాలంటే అంచంతా ఆకురాయితో అరగదీయాల్సిందే. అలా చేసినది తూకం తగ్గుతుంది, వ్యాసం 26.5 కన్నా చిన్నదవుతుంది, అంచున సన్నటి గీతలు కనిపిస్తాయి. అక్షరాలు మసగ్గా ఉండటం, పదాల మధ్య ఎడం తేడాగా ఉండటం మాత్రం లెక్కలోకి రావు. అలాంటివి కుప్పలుగా ఉన్నాయి.

సకాగవియాల్లో అందరూ వెతికేది చీరియోస్ డాలర్. 2000లో కొత్త డాలర్ ప్రచారంలో భాగంగా చీరియోస్ అటుకుల డబ్బాల్లో పెట్టిన సుమారు 5,500 నాణేల్లో, బొరుసు వైపు గద్ద తోక ఈకల మీద సన్నటి గీతలు మరింత విడివిడిగా తేరి ఉన్నాయని 2005లో గుర్తించారు. వెల వేల డాలర్లలో ఉంటుంది. టికెట్ మెషీన్ చిల్లరలో అది దొరుకుతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. అయినా 2000, పి గుర్తు ఉన్నవాటి తోకలు ఒకసారి చూడండి, రెండు నిమిషాల పని. 2002 నుంచి 2008 వరకు, మళ్లీ 2012 నుంచి వచ్చిన సకాగవియాలు, అలాగే 2012లో చెస్టర్ ఆర్థర్‌తో మొదలుకొని తర్వాతి అధ్యక్షుల డాలర్లు చలామణీకి విడుదల కాలేదు. టంకశాల ముఖవిలువ కన్నా ఎక్కువ ధరకు కలెక్టర్లకే అమ్మింది. 2018 నుంచి రాష్ట్రాల ఆవిష్కరణల బొమ్మలతో వస్తున్న డాలర్లదీ అదే కథ. చిల్లరలో ఇవి కనబడితే ఎవరో కొన్నవాటిని విసుగొచ్చి ఖర్చు పెట్టారని అర్థం. ముఖవిలువకు కాస్త పైన పలుకుతాయి గానీ, ఒక్కటి అమ్మాలంటే పోస్టేజీ, ఆన్‌లైన్ కమీషన్ కలిసి ఆ లాభం మింగేస్తాయి. పాపకు ఇష్టమైతే రకానికొకటి ఉంచండి, మిగతావి వదిలేయండి.

ఇప్పుడు ఆ 9 పెద్దవి. ముందు సంవత్సరం చూడండి. 1935 లేదా అంతకు ముందుదైతే అది 90 శాతం వెండి, తూకం 26.73 గ్రాములు, అందులో అసలు వెండి 0.773 ట్రాయ్ ఔన్సులు (వెండి, బంగారం తూచే ఔన్సు ఇది, సుమారు 31.1 గ్రాములు). ఔన్సు వెండి 30 డాలర్లనుకుంటే వెండికే 23 డాలర్లు. అమ్మే రోజు ధర పెట్టి మీరే గుణించుకోండి. కొన్ని సంవత్సరాలకు వెండి విలువ మీద ఎన్నో రెట్లు కూడా వస్తుంది.

1971 నుంచి 1978 మధ్యవైతే మాజీ అధ్యక్షుడు ఐసన్‌హోవర్ బొమ్మ ఉన్న డాలర్లు. చాలావాటికి వెనక చంద్రుడి మీద దిగుతున్న గద్ద ఉంటుంది. 1975 ఏడుతో ఇవి లేవు. 1776-1976 అని రెండేళ్లు కలిపి ఉన్నది స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా కొట్టింది, పాతది కాదు. వీటిలో ఎక్కువ భాగం రాగి, నికెల్. తూకం 22.68 గ్రాములు, అంచున గోధుమ రంగు రాగి చార స్పష్టంగా కనిపిస్తుంది. అరిగినవైతే ముఖవిలువకో, ఇంకాస్త పైనో అంతే. కానీ శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల కలెక్టర్ల కోసం 40 శాతం వెండితో కూడా కొట్టింది. వాటి తూకం 24.59 గ్రాములు, అందులో వెండి 0.316 ఔన్సులు. మెడ కింద, ఏడు పైన ఎస్ అక్షరం ఉంటుంది. ఎస్ ఉన్నంత మాత్రాన వెండి అనుకోకండి, 1973 నుంచి వెండి లేని ప్రూఫ్ నాణేలకూ (కలెక్టర్ల కోసం అద్దంలా మెరిసేలా కొట్టినవాటికీ) ఎస్ ఉంది. తూకమే సాక్ష్యం. రెండు గ్రాముల తేడా ఏ త్రాసైనా పట్టేస్తుంది. 40 శాతం వెండికి దుకాణదారులు పూర్తి వెండి ధర ఇవ్వరు, శుద్ధి ఖర్చు పోగా తగ్గించి కొంటారు. పెద్దావిడ ఏదైనా నీలం కవరులోనో, గోధుమ రంగు పెట్టెలోనో పెట్టి ఇచ్చి ఉంటే దాన్ని విప్పకుండా అలాగే ఉంచండి. వెండివి మొదట అలాగే అమ్మారు.

నాణెం మంచిదనిపించగానే మన చేతులు ఊరుకోవు. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి రుద్దితే తళతళలాడుతుంది, విలువ అక్కడితో పోతుంది. పుల్లటి పదార్థం లోహం పై పొరను తినేస్తుంది. పొడితో రుద్దితే గీతలు పడతాయి. కలెక్టర్ ఒక్క చూపులో కనిపెట్టేస్తాడు. మాంగనీసు ఇత్తడి వేలిముద్రలకే నల్లబడే రకం, కాబట్టి అంచు పట్టుకునే తీయండి. దాచదలచినవాటిని మెత్తటి సాగే ప్లాస్టిక్ సంచుల్లో పెట్టొద్దు. వాటిలోని పీవీసీ ప్లాస్టిక్ కొన్నేళ్లకు పచ్చటి జిగురు వదులుతుంది. నాణేల దుకాణంలో దొరికే మైలార్ (పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ అట్ట హోల్డర్లు చాలు. ఖర్చు పెట్టబోయేవాటిని మాత్రం సబ్బునీళ్లతో నిశ్చింతగా కడుక్కోండి.

మిగిలిన 150కి పైగా నాణేలకు బ్యాంకే దారి. డాలర్ నాణేల రోల్ అంటే 25, ఆ కాగితం తొడుగులు బ్యాంకులో అడిగితే చాలాచోట్ల ఊరికే ఇస్తారు. ఆరు రోల్స్ కట్టి, మిగిలినవి విడిగా తీసుకెళ్లండి. తెల్లవీ బంగారు రంగువీ ఒకే రోల్‌లో కలపొచ్చు, కొలత ఒకటే. పొరపాటున క్వార్టర్ కలిసిందా అని మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి, నలభై ఏళ్లుగా జనాన్ని తికమక పెట్టిన పోలిక అది. పెద్ద బిళ్లలు ఆ తొడుగుల్లో పట్టవు, కౌంటర్‌లో చేతికివ్వాలి. సూపర్‌మార్కెట్లలో ఉండే కాయిన్‌స్టార్ యంత్రంలో పోస్తే నగదుకు పది శాతం పైనే కోత పడుతుంది. గిఫ్ట్ కార్డు తీసుకుంటే కోత ఉండదు. ఐసన్‌హోవర్ డాలర్లు అది తీసుకోదు, అందులో పోయకండి. దుకాణాల్లో ఖర్చు పెట్టొచ్చు, చెల్లుబాటు అయ్యే డబ్బే. అయితే ప్రైవేటు దుకాణం తీసుకుని తీరాలనే ఫెడరల్ చట్టమేదీ లేదు. కుర్ర క్యాషియర్ తిప్పి తిప్పి చూసి మేనేజర్‌ను పిలిస్తే చిన్నబుచ్చుకోకండి. పది రూపాయల నాణెం చెల్లదని ఆంధ్రా, తెలంగాణల్లో ఎన్నో దుకాణాలు తిప్పి పంపితే, పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని 2018లో రిజర్వ్ బ్యాంకు ప్రకటించాల్సి వచ్చింది కదా.

ఆ రోల్స్‌లో ఒకటి, అంటే పాతిక నాణేలు మాత్రం బ్యాంకులో వేయకుండా ఇంట్లో ఉంచమని మా సలహా. చదివింపుల్లో నూట పదహారు డాలర్లు పెట్టేటప్పుడు ఆ చివరి ఒక్కటి ఇదైతే కవరుకు అందం. పాప ఈడు భోగిపళ్లు పోసేదైతే రేగిపళ్లు, పూలరేకులు, చెరకు ముక్కల్లో ఒక పదో పదిహేనో కలపొచ్చు. కాకపోతే ఈ బిళ్ల బరువైనది, దోసిలి తల మీదుగా బాగా దించి పోయమనండి. నెలల పిల్లలు నోట్లో పెట్టుకోకుండా పోసిన వెంటనే ఏరేయాలి.

దానికి మించి ఇండియాకు మోసుకెళ్లకండి. 160 నాణేలంటే దాదాపు 1.3 కిలోలు. తీసుకెళ్లడం నేరం కాదు. మన ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం విదేశీ నాణేలు ఎన్నైనా దగ్గర ఉంచుకోవచ్చు, 2,000 డాలర్ల పరిమితి నాణేలకు వర్తించదు. చిక్కల్లా మార్చుకోవడంలో. మనీ ఛేంజర్లు నోట్లు తీసుకుంటారు గానీ నాణేలు తీసుకోరు. అంటే ఎడిసన్‌లో 160 డాలర్లయిన సొమ్ము తెనాలిలో ఉత్త ఇత్తడి అవుతుంది. మీ నాన్నగారికి ఇంకొకటి గట్టిగా చెప్పండి. ఆ వీడియోల కింద ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే మొదట నాణెం ఫోటో అడుగుతారు, తర్వాత 'మీది ఐదు లక్షలు' అంటారు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజనీ, జీఎస్టీ అనీ, కమీషననీ మీ చేతే డబ్బు కట్టిస్తారు. పాత నోట్లు, నాణేల పేరిట తన పేరు వాడుకుంటూ జరుగుతున్న ఈ మోసంపై రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు అమ్మేవాడి దగ్గర ఫీజు తీసుకోవడం ఏ బజార్లోనూ ఉండదు.

ఏరాక నిజంగా ఏదైనా తేలితే, అంటే నున్నటి అంచు వాషింగ్టనో, 24.59 గ్రాముల ఐసన్‌హోవరో, 1935 లేదా అంతకు ముందు వెండి డాలరో ఉంటే, మీకు దగ్గర్లోని రెండు నాణేల దుకాణాల్లో చూపించండి. మీరెంత అనుకుంటున్నారో చెప్పకుండా వాళ్లు ఎంతకు కొంటారో అడగండి. ఆన్‌లైన్‌లో పోల్చుకునేటప్పుడు అడుగుతున్న ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడాలి. ఈబేలో దానికి వేరే ఫిల్టర్ ఉంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలకు పంపి ధ్రువీకరణ చేయించాలంటే ఫీజు, బీమాతో పోస్టేజీ కలిపి ఒక్కో నాణానికి కొన్ని పదుల డాలర్లు అవుతాయి. నాణెం వంద డాలర్లు దాటుతుందని దుకాణదారు చెబితేనే ఆ ఖర్చుకు దిగండి.